ఇల్లు నచ్చింది, లోన్ వచ్చింది... వకీలు సాబ్ మాత్రం బ్యాంకు ప్యానెల్‌లో లేరు

గుంటూరు నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భర్తది ఐటీ ఉద్యోగం, భార్య ఫార్మసీలో పనిచేస్తుంది. ఏళ్ల తరబడి అద్దెలు కట్టి విసిగిపోయి, చివరికి మూడు బెడ్‌రూముల ఇల్లు ఒకటి చూసుకున్నారు. అమ్మేవాళ్లు ధరకు ఒప్పుకున్నారు. బ్యాంకు మార్ట్‌గేజ్ ఆఫర్ చేతికొచ్చింది. మసీదు దగ్గర పరిచయమైన, ఉర్దూలో మాట్లాడే ఒక సోలిసిటర్‌కు కాగితాలన్నీ అప్పగించారు. మూడు వారాలు గడిచాక ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "భాయ్, మీ బ్యాంకు ప్యానెల్ నుంచి మా ఆఫీసును తీసేశారట. మీ ఫైలు నేను చేయలేను."

కుటుంబానికి ఒక్క ముక్క అర్థం కాదు. వకీలుకు లైసెన్సు ఉంది, ఆఫీసు ఉంది, ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఫీజు ఇచ్చేది మనం. మరి మన వకీలు ఎవరో బ్యాంకు ఎందుకు తేల్చాలి? బ్రిటన్‌లో ఇల్లు కొనే మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో చాలామందికి ఈ ప్రశ్న ఎదురయ్యేది ఆఖరి నిమిషంలోనే. ముందే తెలిసి ఉంటే రెండు ఫోన్ కాల్స్‌తో పోయే సమస్య ఇది. తెలియకపోతే కొన్నిసార్లు ఇల్లే పోతుంది.

ఒకే వకీలు, ఇద్దరు క్లయింట్లు

ఇంగ్లండ్, వేల్స్‌లో ఆస్తి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మార్చే పనిని కన్వేయన్సింగ్ అంటారు. టైటిల్ చూడటం, కౌన్సిల్ సెర్చ్‌లు తెప్పించడం, కాంట్రాక్టు, డబ్బు బదిలీ, స్టాంప్ డ్యూటీ, చివర్లో ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు, అన్నీ అందులోనే వస్తాయి. ఈ పని సోలిసిటర్లు చేస్తారు, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు కూడా చేస్తారు.

మన దగ్గర పద్ధతి వేరు. హైదరాబాద్‌లో హోమ్ లోన్‌కు వెళితే బ్యాంకు తన ప్యానెల్ అడ్వకేట్‌కు ఫైలు పంపుతుంది. ఆయన లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి లీగల్ ఒపీనియన్ రాస్తాడు. ఆయన బ్యాంకు మనిషి. కొనేవాడు ఆయన్ని ఎంచుకోడు, చాలాసార్లు మొహం కూడా చూడడు. ఇంగ్లండ్‌లో అలా కాదు. కొనేవాడు ఎంచుకున్న సోలిసిటరే బ్యాంకు తరఫున కూడా పనిచేస్తాడు. అంటే ఒకే ఫైల్లో ఆయనకు ఇద్దరు క్లయింట్లు. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, అంటే చిక్కుల్లేని టైటిల్. కాబట్టి దీన్ని నియమాలు అనుమతిస్తాయి. ఖర్చు తగ్గుతుంది, పని తొందరగా అవుతుంది.

అయితే బ్యాంకు ఇచ్చే లక్షల పౌండ్లు నేరుగా అమ్మేవాళ్లకు వెళ్లవు. ముందు ఈ సోలిసిటర్ క్లయింట్ అకౌంట్‌లోకి వస్తాయి. ఆయన "టైటిల్ బాగుంది, మీ షరతులన్నీ నెరవేరాయి" అని సర్టిఫికేట్ ఆఫ్ టైటిల్ మీద సంతకం పెట్టి పంపితేనే బ్యాంకు డబ్బు వదులుతుంది. ఆ ఒక్క సంతకాన్ని నమ్మి అంత డబ్బు పంపుతున్నప్పుడు, ఎవరి సంతకాన్ని నమ్మాలో బ్యాంకు ముందే ఒక జాబితా రాసుకుంటుంది. ఆ జాబితాయే ప్యానెల్.

ప్రతి బ్యాంకుకూ, ప్రతి బిల్డింగ్ సొసైటీకీ ప్యానెల్ వేరు. ఒక బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న ఆఫీసు ఇంకో బ్యాంకు ప్యానెల్‌లో ఉండకపోవచ్చు. పైగా అది పర్మినెంటు కూడా కాదు.

హ్యాండ్‌బుక్ చెప్పేది ఏమిటి

బ్యాంకు తరఫున పనిచేసే వకీలు ఏం చూడాలో చెప్పే పుస్తకం ఒకటుంది. దాన్ని మార్ట్‌గేజ్ లెండర్స్ హ్యాండ్‌బుక్ అంటారు. పాత కౌన్సిల్ ఆఫ్ మార్ట్‌గేజ్ లెండర్స్ దీన్ని నడిపేది. 2017లో అది యూకే ఫైనాన్స్‌లో కలిసిపోయాక ఇప్పుడు యూకే ఫైనాన్స్ నడుపుతోంది. మొదటి భాగం అందరికీ ఒకటే. రెండో భాగంలో ఏ బ్యాంకు సొంత షరతులు ఆ బ్యాంకువి. కొన్ని బిల్డింగ్ సొసైటీలు తమ సంఘం తయారుచేసిన వేరే సూచనలను వాడతాయి.

అందులోని కొన్ని సంగతులు మన ఇళ్లకు సూటిగా తగులుతాయి. అమ్మేవాడు ఆ ఇంటికి యజమాని అయి ఆరు నెలలు కూడా కాకపోతే వకీలు ఆ విషయం బ్యాంకుకు చెప్పాలి. కొనుగోలు ధరలో మిగతా సొమ్ము కొనేవాడి సొంత డబ్బు కాదని తెలిస్తే చెప్పాలి. అమ్మేవాడికి చేతి మీదుగా ఏమైనా ఇచ్చారని తెలిసినా చెప్పాలి. ఇంట్లో ఉండబోయే 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి వివరమూ కావాలి. ఓనరు కాని అమ్మీగానీ, ఉద్యోగం చేసే తమ్ముడుగానీ అక్కడే ఉంటే, "ఈ ఇంట్లో నా హక్కు బ్యాంకు హక్కు తర్వాతే" అన్న కాగితం మీద వాళ్ల సంతకం అడుగుతారు. సంతకం చేసే ముందు వేరే వకీలు సలహా తీసుకోమని కూడా చెబుతారు. ఉమ్మడి కుటుంబాల్లో దీనికి మనసు కష్టపెట్టుకునేవాళ్లున్నారు. వకీలు మాత్రం దీన్ని వదిలేయలేడు. వదిలేస్తే రేపు ప్యానెల్‌లో పోయేది ఆయన పేరే.

"మా మామూజానే సోలిసిటర్, ఆయనతోనే చేయించేస్తాం" అనుకునేవారికి కూడా ఇందులో ఒక మాట ఉంది. వకీలే కొనుగోలుదారైనా, కొనేవాడు ఆయన దగ్గరి కుటుంబ సభ్యుడైనా, అదే వ్యక్తి బ్యాంకు తరఫున ఫైలు చూడటానికి వీల్లేదు. ఆ ఆఫీసులోనే ఆయనతో సమాన హోదా ఉన్న ఇంకొకరు చూడాలి. ఒక్కరే నడిపే ఆఫీసులో ఆ ఇంకొకరు ఎక్కడి నుంచి వస్తారు?

కోర్టుల్లో తేలిన లెక్కలు

బ్యాంకుల భయానికి కారణాలున్నాయి. 1990ల్లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టుకు ఒక కేసు వచ్చింది. కొనేవాడు ఒక ఫ్లాటును 2,20,000 పౌండ్లకు కొంటున్నానని లోన్ తీసుకున్నాడు. అదే ఫ్లాటును అమ్మేవాడు అప్పుడే 1,50,000 పౌండ్లకు కొంటున్నాడని సోలిసిటర్‌కు ఫైల్లో కనిపించింది. ఆయన కొనేవాడికి చెప్పాడు గానీ బ్యాంకుకు చెప్పలేదు. తర్వాత లోన్ మునిగింది. టైటిల్ బాగున్నంత మాత్రాన సరిపోదని, ధర మీద అనుమానం కలిగించే సంగతి కంటపడితే బ్యాంకుకూ చెప్పి తీరాలని కోర్టు తేల్చింది. ఇద్దరు క్లయింట్లున్న వకీలు ఒక్కరికే చెబితే చాలదన్నమాట.

2014లో యూకే సుప్రీంకోర్టు ఇంకో కేసు తేల్చింది. ఏఐబీ అనే బ్యాంకు 33 లక్షల పౌండ్ల లోన్ ఇచ్చింది. అందులోంచి పాత బ్యాంకు అప్పు మొత్తం తీర్చి, మిగిలింది లోన్ తీసుకున్నవాళ్లకు ఇవ్వాలి. పాత బ్యాంకులో రెండు అకౌంట్ల మీద అప్పుంది. సోలిసిటర్ ఆఫీసు పొరపాటున ఒక్కదానికే డబ్బు కట్టింది. దాదాపు మూడు లక్షల పౌండ్ల పాత అప్పు అలాగే ఉండిపోయింది. లోన్ తీసుకున్నవాళ్లు చేతులెత్తేశాక ఇల్లు అమ్మితే, ముందు హక్కు పాత బ్యాంకుదే అయింది. ఏఐబీ దాదాపు 25 లక్షల పౌండ్లు అడిగింది. చివరికి కోర్టు ఇప్పించింది సుమారు 2,73,000 పౌండ్లు, అంటే ఆ పొరపాటు వల్ల నిజంగా జరిగిన నష్టం మాత్రమే. వకీలు దొంగతనం చేయలేదు. ఒక అకౌంటు నంబరు చూసుకోలేదు, అంతే.

ఇక్కడ హైదరాబాద్ కేసు ఒకటి గుర్తుచేసుకోవాలి. విజయా బ్యాంకుకు తప్పుడు పత్రాల మీద హోమ్ లోన్లు వెళ్లిన వ్యవహారంలో, లీగల్ ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ అడ్వకేట్‌ను కూడా సీబీఐ నిందితుడిగా చేర్చింది. 2012లో మన సుప్రీంకోర్టు ఆయన మీద కేసు చెల్లదంది. మోసగాళ్లతో చేతులు కలిపాడనడానికి ఆధారం లేకుండా, ఒపీనియన్ తప్పయిందన్న ఒక్క కారణంతో వకీలును క్రిమినల్ కుట్రలో ఇరికించకూడదని చెప్పింది. నిర్లక్ష్యం ఉంటే దాని బాధ్యత వేరని కూడా చెప్పింది. కోర్టు నిర్దోషి అన్నా బ్యాంకు ప్యానెల్‌లో చోటు ఆటోమేటిక్‌గా తిరిగి రాదు. ఆ తేడా అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ప్యానెళ్లు ఎలా చిక్కిపోయాయి

2008 ఆర్థిక సంక్షోభానికి ముందు ప్యానెల్ అంటే పెద్దగా పట్టింపు ఉండేది కాదు. లైసెన్సు ఉన్న ఆఫీసు అడిగితే చాలావరకు చేర్చుకునేవారు. ఇళ్ల ధరలు పడి లోన్లు మునిగాక బ్యాంకులు పాత ఫైళ్లు తవ్వాయి. వకీళ్ల పొరపాట్లు బయటపడ్డాయి, కొన్నిచోట్ల మోసాలు కూడా. అక్కడి నుంచి ఏరివేత మొదలైంది. ఏడాదికి ఒకటి రెండు ఫైళ్లు కూడా పంపని ఆఫీసులు, ఒక్కరే నడిపే ఆఫీసులు ముందుగా బలయ్యాయి.

అందరికీ గుర్తుండిపోయింది హెచ్‌ఎస్‌బీసీ నిర్ణయం. 2012 జనవరిలో ఆ బ్యాంకు తన ప్యానెల్‌ను 43 సంస్థలకు కుదించింది. దేశమంతటా ఇళ్లు కొనేవాళ్లకు 43 ఆఫీసులు! వీధి చివరి సోలిసిటర్లు గగ్గోలు పెట్టారు, సోలిసిటర్ల సంఘమైన లా సొసైటీ రంగంలోకి దిగింది. అదే ఏడాది బ్యాంకు వెనక్కి తగ్గింది. లా సొసైటీ నాణ్యతా ముద్ర ఉన్న ఆఫీసులు అప్లై చేసుకోవచ్చంది.

ఆ ముద్ర పేరే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్. పొట్టిగా సీక్యూఎస్. బ్యాంకులకు నమ్మకం కలిగించడానికే లా సొసైటీ దీన్ని పెట్టింది. ఆఫీసులో ఎవరు ఏం చేస్తారు, మోసాలు ఎలా పసిగడతారు, శిక్షణ ఎంత, ఇవన్నీ చూసి ఇస్తారు, గడువుకు మళ్లీ పరీక్షిస్తారు. ఫీజూ ఉంటుంది. ఇప్పుడు చాలా బ్యాంకులకు సీక్యూఎస్ లేని సోలిసిటర్ ఆఫీసు అసలు తలుపు తట్టడానికే అర్హం కాదు. సీక్యూఎస్ ఉంటే ప్యానెల్ ఖాయమనుకోవడమూ తప్పే. అది గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి రానిచ్చేది బ్యాంకు.

ఆఫీసులు ఎందుకు జారిపోతాయి

బయటివాళ్లకు ప్యానెల్ నుంచి తీసేశారంటే ఏదో మోసం జరిగిందనే అనిపిస్తుంది. మొహల్లాలో మాట పాకేది కూడా అలాగే. నిజానికి చాలామంది జారిపడేది చిన్న సంగతుల మీద.

మొదటిది, పని లేకపోవడం. ఒక ఆఫీసు నుంచి చాలాకాలం ఒక్క ఫైలు కూడా రాకపోతే బ్యాంకు ఆ పేరు కొట్టేస్తుంది. నిలవ ఉన్న ప్రతి పేరును గమనిస్తూ ఉండటం వాళ్లకు ఖర్చు. రెండోది ఇన్సూరెన్స్. సోలిసిటర్ ఆఫీసుకు తప్పనిసరి కవర్ ఒక్కో క్లెయిముకు కనీసం 20 లక్షల పౌండ్లు, కంపెనీగా నడిచేవాటికి 30 లక్షలు. ఎవరి దగ్గర పాలసీ తీసుకున్నారన్నది కూడా బ్యాంకు చూస్తుంది. 2013లో బాల్వా అనే లాత్వియా బీమా కంపెనీ లైసెన్సు పోయినప్పుడు, దాన్ని నమ్ముకున్న దాదాపు 1,300 లా ఆఫీసులు రాత్రికి రాత్రి కొత్త పాలసీ వెతుక్కోవాల్సి వచ్చింది. తక్కువ ప్రీమియం చూసి వెళ్లిన చిన్న ఆఫీసులే వాటిలో ఎక్కువ.

మూడోది, అన్నిటికంటే మామూలుది, పని పూర్తయ్యాక మిగిలే పని. తాళాలు చేతికొచ్చాక కుటుంబం దావత్ చేసుకుంటుంది. వకీలు ఫైలు మాత్రం అప్పటికి సగమే అయినట్టు. ఇంగ్లండ్‌లో 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్ను వేయాలి. ల్యాండ్ రిజిస్ట్రీ ఇచ్చే 30 పనిదినాల రక్షణ గడువు దాటకముందే రిజిస్ట్రేషన్‌కు పంపాలి. ఆలోపు పంపకపోతే మధ్యలో ఇంకెవరి హక్కో ముందు ఎక్కి కూర్చోవచ్చు. రిజిస్ట్రీ ఏదైనా ప్రశ్న వేసి పంపితే దానికి జవాబివ్వాలి. చిన్న ఆఫీసులో ఒక గుమాస్తా సెలవు పెట్టినా, మానేసినా ఈ ఫైళ్లు గుట్టపడతాయి. బ్యాంకు కంప్యూటర్లో మాత్రం "డబ్బిచ్చి ఆరు నెలలైంది, మా పేరు ఇంకా టైటిల్ మీద ఎక్కలేదు" అని కనిపిస్తూనే ఉంటుంది. ప్యానెల్ నుంచి వెళ్లే నోటీసుకు ఇది బలమైన కారణం.

ఇవి కాక, పార్ట్‌నరు మారినా, ఆఫీసు అడ్రసు మారినా, క్లయింట్ అకౌంట్ బ్యాంకు మారినా, ఆ సంగతి లెండర్‌కు చెప్పకపోవడం ఇంకో కారణం. ఇప్పుడు చాలా బ్యాంకులు ఈ వివరాలను లెండర్ ఎక్స్‌చేంజ్ లాంటి ఆన్‌లైన్ వ్యవస్థల ద్వారా చూస్తున్నాయి. అక్కడ వివరాలు పాతబడితే, ఏ మనిషీ కోపగించుకోకుండానే ఆఫీసు పేరు ఆగిపోతుంది. నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెడితే సరేసరి. 2023 అక్టోబరులో యాక్సియమ్ ఇన్స్ అనే సంస్థను క్లయింట్ల డబ్బు ఆరు కోట్ల పౌండ్లకు పైగా కనబడకుండా పోయిన వ్యవహారంలో మూసేశాక, క్లయింట్ అకౌంట్ విషయంలో బ్యాంకుల చూపు మరింత కఠినమైంది.

ఈ ఏరివేతలో భారం ఎవరి మీద ఎక్కువ పడుతుందన్నది మన సమాజం పట్టించుకోవాల్సిన సంగతి. సోలిసిటర్ల నియంత్రణ సంస్థ గణాంకాల్లోనే నల్లజాతి, ఆసియా మూలాలున్న సోలిసిటర్లు ఒక్కరే నడిపే, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపిస్తారు. ఉర్దూ, పంజాబీ, గుజరాతీ మాట్లాడి, నాన్నకు ఫోన్లో ఓపిగ్గా వివరించి చెప్పేది కూడా ఆ ఆఫీసులే. బ్యాంకు నియమం ఎవరి జాతినీ చూడదు, పరిమాణాన్ని చూస్తుంది. ఫలితం మాత్రం ఒక్క చోటే ఎక్కువ పడుతుంది. అలాగని చిన్న ఆఫీసు అన్నిసార్లూ అమాయకమైనదే అనుకోవడమూ పొరపాటే. గుట్టపడిన ఫైళ్లు చిన్న ఆఫీసులో పడితే కదిలించేవాళ్లు ఉండరు.

తిరిగి ఎలా వస్తారు

ప్యానెల్ అనేది బ్యాంకుకూ ఆఫీసుకూ మధ్య వ్యాపార ఒప్పందం లాంటిది. అందులో ఉండటం వకీలు హక్కు కాదు. కాబట్టి "నన్నెందుకు తీశారు" అని కోర్టుకెళ్తే దారి దొరకడం కష్టం. దారి బ్యాంకు గుమ్మం దగ్గరే వెతుక్కోవాలి.

మొదటి పని, కారణం రాతపూర్వకంగా అడగడం. వచ్చిన ఉత్తరంలో తరచూ "సమీక్షలో భాగంగా" అనే ఒక్క వాక్యమే ఉంటుంది. పని లేక తీశారా, వివరాలు పాతబడి ఆపారా, ఆలస్యాల వల్లా, ఫిర్యాదు వల్లా, తెలియకుండా అప్లికేషన్ పెడితే అది గాలిలో రాయి. పని లేక తీసినట్టయితే సంగతి తేలికే. ఆ బ్యాంకు లోన్‌తో ఒక నిజమైన క్లయింటు వచ్చినప్పుడు, ఫైలు చూపించి మళ్లీ చేర్చమని అడగొచ్చు. కొన్ని బ్యాంకులు అలా చేర్చుకుంటాయి.

ఆలస్యాల వల్ల అయితే మాటలతో పని జరగదు. రిజిస్ట్రేషన్ కాని ప్రతి ఫైలూ ఒక పట్టికలో రాసి, ఏది ఎక్కడ ఆగిందో, ఏ తేదీకి పూర్తవుతుందో చూపించాలి. వాటిని నిజంగా పూర్తి చేయాలి. మళ్లీ అలా జరగకుండా పోస్ట్ కంప్లీషన్ పని ఒకరికి ప్రత్యేకంగా అప్పగించాలి, వారానికోసారి పార్ట్‌నరు చూడాలి. బయటి ఆడిటర్‌తో కొన్ని ఫైళ్లు పరీక్షింపజేసి ఆ రిపోర్టు జతచేసే ఆఫీసులు కూడా ఉన్నాయి. రిపోర్టులో లోపాలు కనబడినా దాచకుండా పంపడమే మేలు. బ్యాంకు రిస్క్ విభాగంలో కూర్చున్నవాళ్లకు ఏ లోపమూ లేదన్న రిపోర్టు మీదే అనుమానం ఎక్కువ.

ఒక్కరే నడిపే ఆఫీసుకు ఇంకో చిక్కు. ఆ బ్యాంకు రెండో భాగంలో "ఒంటరి ప్రాక్టీషనర్లు వద్దు" అని ఉంటే ఎన్ని ఆడిట్లు పంపినా లాభం లేదు. ఇంకో సోలిసిటర్‌ను పార్ట్‌నరుగా తెచ్చుకోవాలి, లేదా ఇంకో ఆఫీసుతో కలిసిపోవాలి. కొందరు కన్వేయన్సింగ్ వదిలేసి ఇమిగ్రేషన్, ఫ్యామిలీ కేసులకు మళ్లుతున్నారు.

ఇక క్లయింటుకు చెప్పే విషయం. ప్యానెల్ నుంచి పేరు పోయిన రోజే నడుస్తున్న ప్రతి ఫైలు చూసి, ఆ బ్యాంకు లోన్ ఎవరిదో గుర్తించి, వాళ్లకు చెప్పాలి. మొదలైన ఫైళ్లు పూర్తి చేయనిస్తారా అన్నది కూడా అదే రోజు బ్యాంకును అడగాలి. లెస్టర్ కుటుంబానికి మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది కదా. ఆ మూడు వారాల్లో రెండు వారాలు వకీలు "ఎలాగోలా తిరిగి చేర్చుకుంటారు" అని ఆశపడి చెప్పకుండా ఆపినవే అయితే, తప్పు అక్కడ మొదలైనట్టు.

నాన్న పంపిన డబ్బు

వకీలు ప్రశ్నలు మన ఇళ్లలో ఎక్కువ కోపం తెప్పించేది ఇక్కడే. డిపాజిట్ కోసం అబ్బా గుంటూరులో ప్లాటు అమ్మి డబ్బు పంపుతారు. "మా అబ్బా డబ్బు మాకిస్తే మధ్యలో వీళ్లకెందుకు?" ఎందుకంటే హ్యాండ్‌బుక్ ప్రకారం ఆ డబ్బు కొనేవాడి సొంతం కాదని బ్యాంకుకు చెప్పాలి. మనీ లాండరింగ్ చట్టం ప్రకారం ఆ డబ్బు ఎక్కడిదో వకీలు చూడాలి. అబ్బా దగ్గర్నుంచి "ఇది కానుక, తిరిగి అడగను, ఇంట్లో వాటా కోరను" అనే ఉత్తరం కావాలి. ప్లాటు సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. ప్లాటు విరాసత్‌లో వచ్చిందైతే, మిగతా వారసుల వాటాల కాగితం కూడా అడగవచ్చు. తెలుగులో ఉన్న పత్రాలకు అనువాదం కావాలి.

ఇండియాలో ఉండే అబ్బా ఆర్బీఐ ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. డబ్బు ఎన్నారై కొడుకుదే అయి, ఎన్ఆర్ఓ అకౌంట్లో ఉంటే ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు, టాక్స్ కట్టినట్టు కాగితాలతో. ఈ రెండు దారుల్లోనూ బ్యాంకు రసీదు మిగులుతుంది. హవాలాలో తొందరగా వస్తుందని అటు వెళితే రసీదు లేదు, పైగా ఇండియాలో అది చట్టవిరుద్ధం. అలాంటి డబ్బు ఫైల్లోకి వస్తే ఏ వకీలూ సర్టిఫికేట్ మీద సంతకం పెట్టలేడు. చీటీ డబ్బు, స్నేహితుల కమిటీ డబ్బు కూడా ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో రాసి చూపగలగాలి. ఇవన్నీ చూడకుండా "పర్వాలేదు భాయ్, నేను చూసుకుంటా" అనే వకీలు దొరికితే సంతోషపడేదేమీ లేదు. రేపు ప్యానెల్ నుంచి పోయే ఆఫీసు అదే కావచ్చు, అదీ మీ ఫైలు మధ్యలో.

వడ్డీ లేని పద్ధతిలో కొంటే

కొన్ని కుటుంబాలు మార్ట్‌గేజ్ బదులు హోమ్ పర్చేజ్ ప్లాన్ తీసుకుంటాయి. బ్రిటన్‌లో ఇవి 2007 నుంచి ఫైనాన్షియల్ రెగ్యులేటర్ పరిధిలో ఉన్నాయి. 2003 ఫైనాన్స్ చట్టం రెండుసార్లు స్టాంప్ డ్యూటీ పడకుండా చేసింది. ముషారకా పద్ధతిలో బ్యాంకూ కుటుంబమూ కలిసి ఇల్లు కొంటాయి. కుటుంబం బ్యాంకు వాటాకు అద్దె కడుతూ, ఆ వాటాను మెల్లగా కొనుక్కుంటుంది.

ప్యానెల్ సమస్య ఇక్కడా తప్పదు. పైగా కాగితాలు ఎక్కువ. లీజు ఉంటుంది, వాటా కొంటానన్న హామీ ఉంటుంది. సాధారణంగా బ్యాంకుకు ఒక వకీలు, కుటుంబానికి ఇంకో వకీలు ఉంటారు. ఈ పత్రాలు తరచూ చూసే ఆఫీసులు తక్కువ. మార్ట్‌గేజ్‌లలో ఎంత అనుభవమున్నా ఇందులో మొదటి ఫైలు మీదే అయితే, ఆ ఆలస్యం మీ మీదే పడుతుంది. అందుకే ఎన్ని ప్లాన్లు చేశారని మొహమాటం లేకుండా అడగాలి.

మధ్యలో ఆగితే

వకీలు ప్యానెల్‌లో లేడని తేలితే దారులు మూడు. ఒకటి, ప్యానెల్‌లో ఉన్న వేరే ఆఫీసుకు ఫైలు మార్చడం. పాత వకీలుకు చేసిన పని మేరకు ఫీజు ఇవ్వాలి. తెప్పించిన సెర్చ్‌లు కొత్త ఆఫీసుకు పనికొస్తాయేమో అడగాలి. రెండు, మన వకీలును మనమే ఉంచుకొని, బ్యాంకు తరఫున వేరే వకీలును పెట్టించడం. హ్యాండ్‌బుక్ మూడో భాగం ఈ పద్ధతి కోసమే ఉంది. బ్యాంకు ఒప్పుకోవాలి, రెండో వకీలు ఫీజు చివరికి మన మీదే పడుతుంది, ప్రతి ప్రశ్నా ఇద్దరి చేతుల మీదుగా తిరుగుతుంది. మూడు, బ్యాంకునే మార్చడం. రేటు మారుతుంది, కొత్త వాల్యుయేషన్ కావాలి. వారాలు పడుతుంది.

ఏ దారి పట్టినా కాంట్రాక్టు ఎక్స్‌చేంజ్ కాకముందే తేల్చుకోవాలి. ఎక్స్‌చేంజ్ రోజున మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కడతారు. ఆ తర్వాత చెప్పిన తేదీకి డబ్బు రాకపోతే ఆ డిపాజిట్‌కే ముప్పు. అంతకు ముందైతే ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. అంటే అమ్మేవాళ్లు విసిగి ఇంకొకరికి అమ్మేసుకోవచ్చు కూడా. మార్ట్‌గేజ్ ఆఫర్‌కు కూడా గడువుంటుంది. అది అయిపోతే మళ్లీ మొదటికి.

అందుకే అడగాల్సింది వకీలుకు మొదటి పైసా కట్టకముందు. "మీరు బ్యాంకుల ప్యానెల్‌లో ఉన్నారా" అంటే ఎవరైనా ఉన్నామనే అంటారు. బ్యాంకు పూర్తి పేరు చెప్పి అడగాలి. బోర్డు మీది పేరు వేరు, లోన్ ఇచ్చే సంస్థ పేరు వేరు కావచ్చు. హాలిఫాక్స్ అన్న పేరు వెనక ఉండేది బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్. ఆఫర్ లెటర్ మీద లెండర్ ఎవరని ఉందో చూసి, ఆ పేరు ఈమెయిల్‌లో రాసి, జవాబు రాతలో తీసుకోవాలి. బ్రోకర్‌ను కూడా అదే అడగాలి. అప్లికేషన్‌లో వకీలు పేరు నింపేటప్పుడే ఆయన లెండర్ దగ్గర చూడగలడు. ఎక్స్‌చేంజ్‌కు వారం ముందు ఇదే ప్రశ్న ఇంకోసారి అడిగితే ఏ వకీలూ తప్పుపట్టడు. రోజూ ఫైళ్లు నడిపే ఆఫీసైతే ఆ ఈమెయిల్‌కు అదే రోజు సాయంత్రానికి జవాబిస్తుంది.